ట్రాన్స్‌ఫర్‌కి తెలుగులో ఒకే మాట సరిపోతుందా? కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. బ్యాంకు పనుల గురించి పల్లెల్లో పంచే చిన్న పుస్తకాన్ని తెలుగులోకి మారుస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ అనే ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ఉద్యోగికి బదిలీ, డబ్బుకి నగదు బదిలీ, ఇంతవరకు ఇబ్బంది లేదు. ఆస్తి దగ్గరికొచ్చేసరికి 1882 నాటి చట్టాన్ని కొందరు ఆస్తి బదిలీ చట్టం అంటారు, కొందరు ఆస్తి బదలాయింపు అంటారు. ఈ రెండింటికీ నిజంగా తేడా ఉందా, లేక అలవాటేనా? నా చెవికైతే బదిలీ అంటే చోటు మారడం, బదలాయింపు అంటే హక్కు చేతులు మారడం. కానీ "పొలం నా పేరు మీదకి బదిలీ అయింది" అని మా అమ్మే అంటుంది, ఆవిడ తెలుగుకి వంక పెట్టే ధైర్యం నాకు లేదు!

ఇంకొకటి, ఫోన్‌లో "మీ కాల్ ట్రాన్స్‌ఫర్ చేస్తున్నాం" అన్నదానికి "బదిలీ" అని రాస్తే కాల్‌కి ఏదో ఊరు పోస్టింగ్ వేసినట్టుంది. "కలుపుతున్నాం" అంటే చాలా? రిజిస్ట్రేషన్, దస్తావేజుల పనిలో ఉన్నవాళ్లు మీ దగ్గర ఏ మాట వాడతారో చెప్తే చాలా సాయం.