సమస్య: ‘పొగరుబోతు కన్న మగఁడు లేఁడు’

ఈ పక్షానికి ఆటవెలది నాలుగవ పాదాన్ని సమస్యగా ఇస్తున్నాను. పొగ–మగ అన్న ప్రాసయతి (యతికి బదులుగా రెండవ అక్షరాలు కలవడం) అందులోనే ఉన్నది కనుక మీరు మిగిలిన మూడు పాదాలు చూసుకుంటే చాలు.

పొగరుబోతు కన్న మగఁడు లేఁడు

విషయం జేన్ ఆస్టెన్ 1813లో మూడు సంపుటాలుగా వెలువరించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవల. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు నాయకుడు డార్సీ పొగరు నాకు రాజసంగా తోచింది. ఈ మధ్య మళ్ళీ చదివితే, నృత్యసభలో నాయిక ఎలిజబెత్ బెన్నెట్‌కు వినబడేటంత దగ్గర నిలబడి అతడు ‘ఫరవాలేదు గాని, నన్ను కదిలించేటంత అందగత్తె కాదు’ అన్న మాట వట్టి మొరటుతనంగానే వినిపించింది. కనుక పూరణలో ఎవరినీ వెనకేసుకొని రాకండి. నవలలో సాక్ష్యం ఉన్నంత మేరకే తీర్పు చెప్పండి.

వచ్చిన పూరణలు, వాటి మీద నా మాట ఇవి. మొదట కాకినాడ సభ్యుని పూరణ:

ఆ.వె.
అప్పు లన్ని తీర్చి యతివ మానముఁ గాచి
పేరు దాఁచినట్టి పెద్దమనసు
నెలిజబెత్తు కాంచి యిటు లనె నాత్మలోఁ
పొగరుబోతు కన్న మగఁడు లేఁడు

అయ్యా, ధార చక్కగా ఉన్నది, రెండవ పాదం మరీ బాగుంది. అయితే ‘ఆత్మలోన్’ ద్రుతాంతం (నకారంతో ముగిసే పదం) కనుక దాని మీది పకారానికి సరళాదేశం వచ్చి, అంటే ‘ప’ ‘బ’గా మారి, సమస్యాపాదం ‘బొగరుబోతు’ అయి కూర్చుంటుంది. ఇచ్చిన పాదాన్ని మార్చే హక్కు పూరకునికి లేదు కదా.

హ్యూస్టన్ సభ్యురాలి ఆక్షేపణ ఇంతకన్న బరువైనది. బ్రైటన్ ఊరి నుంచి సైనికోద్యోగి వికమ్‌తో లేచిపోయిన ఎలిజబెత్ చెల్లెలు లిడియాకు అప్పటికి పదహారేళ్ళు. డార్సీ వికమ్ అప్పులు తీర్చి, సైన్యంలో కొలువు కొనిపెట్టి, చివరకు ఆ పిల్లను ఆ వంచకునికే కట్టబెట్టాడు. దీనిని ‘మానముఁ గాచి’ అనవచ్చునా అని ఆమె అడిగారు. డార్సీ మొదట లిడియాను ఇంటికి తిరిగి వెళ్ళమనే బతిమాలాడనీ, ఆమె ససేమిరా అన్నదనీ నవలలో స్పష్టంగా ఉన్నది కాబట్టి తప్పంతా అతని మీద వేయలేము. కాని ఆ పెళ్ళి వల్ల నిలిచింది బెన్నెట్ కుటుంబం పరువు మాత్రమే, లిడియా బ్రతుకు కాదు. ఒక్క మాట మారిస్తే పద్యం నిజం పలుకుతుందని నేను సూచించగా కాకినాడ వారు రెండు పాదాలు సవరించి పంపారు:

అప్పు లన్ని తీర్చి యతివ పరువుఁ గాచి
...
నెలిజబెత్తు కాంచి యెద నెంచె నిట్లని

ఇప్పుడు వ్యాకరణానికీ, కథకూ రెండింటికీ లోటు లేదు.

నల్లగొండ అధ్యాపకుని పూరణ:

ఆ.వె.
నవ్వు మోముతోడ నమ్మించి ముంచెడు
వాని తోడ బ్రతుకు వలదు వలదు
బిరుసు మోము గాని వెన్నయే హృదయమ్ము
పొగరుబోతు కన్న మగఁడు లేఁడు

మొదటి పాదంలో వికమ్ నిలువునా కనిపిస్తున్నాడు. తనకు రావలసిన చర్చి ఉద్యోగానికి బదులుగా 3,000 పౌండ్లు పుచ్చుకొని, ఆ పైన డార్సీ చెల్లెలు జార్జియానాను పదిహేనేళ్ళ వయసులో, ఆమె పేరనున్న 30,000 పౌండ్ల మీద కన్నేసి లేవదీసుకొని పోజూసినవాడు, ఊరందరికీ తానే అన్యాయమైపోయినట్టు చెప్పుకుంటాడు. విన్నవారంతా నమ్మడానికి ఆ నవ్వు మొగమొక్కటే కారణం. అయితే మాస్టారూ, మూడవ పాదానికీ నాలుగవదానికీ అన్వయం కుదరలేదు. ఎవరి హృదయమో చెప్పకుండానే సమస్య వచ్చి పడింది.

దానికి వారు, ‘అన్వయదోషం ఒప్పుకుంటాను గాని వెన్న మాత్రం వెన్నే. డార్సీ ఎస్టేటు పెంబర్లీలో ఇల్లు చూసుకునే రేనాల్డ్స్ అమ్మ, నాలుగేళ్ళ వయసు నుంచి ఎరిగిన డార్సీ తనను ఒక్కనాడూ కసరలేదని చెప్పలేదా?’ అని బదులిచ్చారు. చెప్పింది, నిజమే. కాని తన ఇంటివారి పట్ల వెన్నగా ఉండి బయటివారి పట్ల బండగా ఉండేవారిని మన ఊళ్ళలోనూ చూస్తూనే ఉన్నాము. సూత్రంలో కాకపోయినా ఆచరణలో జీవితమంతా స్వార్థపరుడిగానే బ్రతికానని డార్సీయే చివర ఒప్పుకున్నాక, మనం అతని తరఫున వకాల్తా పుచ్చుకోవడం ఎందుకు?

హ్యూస్టన్ సభ్యురాలు ఎలిజబెత్ తల్లి, బెన్నెట్ ఇల్లాలి నోట పలికించారు:

ఆ.వె.
పదుల వేల సిరికిఁ బరవశించిన తల్లి
నిన్న తిట్టి నేఁడు నెత్తిఁ దాల్చె
నల్లుఁ డనఁగ మురిసి యాడెఁ దా నిట్లని
పొగరుబోతు కన్న మగఁడు లేఁడు

డార్సీ ఆదాయం ఏడాదికి పదివేల పౌండ్లే గాని పదుల వేలు కాదు. గణాల కోసం పెంచినా, ఆ తల్లి కూడా పెంచే చెప్పుకుంటుంది కాబట్టి వదిలేస్తున్నాను.

విజయవాడ సభ్యుడు సమస్యలోని ‘కన్న’ను ‘కంటె’ అని కాక ‘కలగన్న’ అని విరిచి అర్థమే మార్చివేశాడు. ఇక్కడ పొగరుబోతు డార్సీ కాడు, అతని మీద ఆశలు పెట్టుకున్న అతని స్నేహితుని చెల్లెలు కరొలైన్ బింగ్లీ:

ఆ.వె.
చేతఁ బుస్తకమ్ము, చిత్త మాతనిపైన,
నావులించి మెచ్చె నక్షరములఁ
బగటి కలనుఁ దాను భార్యగా నూహించి
పొగరుబోతు కన్న మగఁడు లేఁడు

సెబాసు, నాయనా! డార్సీ మొదటి సంపుటం చదువుతున్నాడు కాబట్టి తాను రెండవ సంపుటం తీసి, పెద్దగా ఆవులించి, చదవడం కన్న సుఖం లేదని ఆమె పలికే ఘట్టాన్ని ఒక్క పాదంన్నరలో ఇమిడ్చావు. ఇంగ్లండు వారు 2017లో ఆస్టెన్ బొమ్మతో తెచ్చిన పది పౌండ్ల నోటు మీద ఆ మాటనే అచ్చువేసుకున్నారు. పుస్తకమంటే గిట్టని మనిషి మాట అది!

చివరగా రాజమహేంద్రవరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని పంపిన పూరణ:

ఆ.వె.
కులము నెంచి చూపి కోరెఁ జేతిని నాఁడు,
లేఖ వ్రాసి తెలిపె లెస్స నిజము,
తిట్టి పంపినంత దిద్దుకొన్నట్టి యా
పొగరుబోతు కన్న మగఁడు లేఁడు

అమ్మా, ‘ఆ’ అన్న ఒక్క అక్షరంతో సమస్యలోని విరోధం తొలగిపోయింది. పొగరును పొగడలేదు, దాచనూ లేదు. హన్స్‌ఫర్డ్ గ్రామంలో ఎలిజబెత్‌ను పెళ్ళి అడుగుతూనే ఆమె కుటుంబాన్ని చిన్నబుచ్చినవాడు, చీవాట్లు తిని, మరునాటి ఉదయమే లేఖ చేతికిచ్చి తప్పుకున్నాడు. వికమ్ ఎన్నడూ చేయని పని ఇదే. తిట్టి పంపినది ఎవరో పద్యంలో లేదని కాకినాడ వారు అంటున్నారు గాని, నవల చదివినవారికి ఆ పేరు చెప్పనక్కరలేదు. ఈ పక్షానికి ఇదే ఉత్తమ పూరణ.

ముగ్గురు అల్లుళ్ళలోనూ వికమే తనకు ఎక్కువ ఇష్టమేమో అని ఎలిజబెత్ తండ్రి బెన్నెట్ గారు ఎకసెక్కంగా అన్న మాట గుర్తున్నది కదా? వచ్చే పక్షానికి సమస్య:

దుష్టుఁడైన యల్లుఁ డిష్టుఁ డయ్యె