రిపోర్టులన్నీ నార్మల్, ఒళ్ళంతా నొప్పులు. ఫైబ్రోమయాల్జియా అన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

తెల్లమబ్బు: నాలుగు నెలలుగా మెడ, భుజాలు, నడుము, తొడలు. ఒకచోట తగ్గితే ఇంకోచోట. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చూసే రక్తపరీక్షలు), థైరాయిడ్ అన్నీ నార్మల్. పోయిన వారం రుమటాలజిస్ట్ (కీళ్ళ, కండరాల నొప్పుల డాక్టర్) ఈ జబ్బు పేరు చెప్పి, రాత్రికి ఎమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాశారు, నడవమన్నారు. మందు ఇప్పుడే వేసుకోవాలా, ముందు వ్యాయామంతో చూడొచ్చా? ఆఫీసులో ఏమని చెప్పాలి?

వేకువ: నాలుగు నెలలకే తెలిసింది, అదృష్టవంతులు. నాకు ఆరేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మింగి కడుపు పాడుచేసుకున్నాను. ఇది వాపు వల్ల వచ్చే నొప్పి కాదు, వాటికి లొంగదు. రోజూ 45 నిమిషాలు నడవండి. నేను అలాగే కోలుకున్నాను.

మూడోమెట్టు: కొత్తవాళ్ళకి 45 నిమిషాలని చెప్పకండి, దండం పెడతాను. నాకూ అలాగే చెప్పారు. మొదటిరోజే నడిచేసి నాలుగు రోజులు మంచం దిగలేదు.

వేకువ: మొదటిరోజే అని నేనన్నానా? 2016లో యూరప్ రుమటాలజీ నిపుణులు ఈ జబ్బుకి ఇచ్చిన సిఫారసుల్లో గట్టిగా చెప్పింది వ్యాయామం ఒక్కదాన్నే.

మూడోమెట్టు: వ్యాయామం వద్దని నేనూ అనలేదు. ఎంతతో మొదలుపెట్టాలన్నదే గొడవ. మీరు రాసింది మీరే మళ్ళీ చదవండి.

నడకబాట: 12 ఏళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, నేను చెబుతాను. 5 నిమిషాలతో మొదలుపెట్టండి. ఒళ్ళు తేలిగ్గా ఉన్నరోజు కూడా అంతే. వారం పాటు ఇబ్బంది లేకపోతే ఒకటి రెండు నిమిషాలు పెంచండి. బాగున్నరోజే మిగిలిన పనులన్నీ చేసేద్దామనుకుంటారు, దెబ్బ అక్కడే తగులుతుంది. అన్నట్టు, ఈ జబ్బే అని చెప్పాలంటే 18 చోట్ల నొక్కితే 11 చోట్ల నొప్పి ఉండాలి. మీకు నొక్కి చూశారా?

కునుకు: అది 1990 నాటి లెక్కండీ. 2010లోనే మార్చారు. ఎన్ని భాగాల్లో నొప్పి, నిద్ర లేచాక అలసట, మతిమరుపు, ఇవన్నీ మూడు నెలలుగా ఉన్నాయా అని చూస్తున్నారు. మా చెల్లికి 9 చోట్లే ఉందని, జబ్బే లేదని ఒక డాక్టర్ పంపేశారు. రెండేళ్ళు నరకం చూసింది.

నడకబాట: నా మీద కోపం దేనికి? నేను చదువుకున్నది చెప్పాను.

కునుకు: ఆ లెక్క పట్టుకునే కదా మా చెల్లిని పంపేసింది! కోపం రాదా?

తేటనీరు: ఈ నొప్పులకి రాసే ప్రీగాబలిన్ మందుతో ఎవరికైనా బరువు పెరిగిందా? నాకు పాదాలు కూడా వాచాయి.

వేకువ: నాకూ బరువు పెరిగింది. డులాక్సెటిన్‌కి మార్చారు. మొదట్లో వికారం, తర్వాత సర్దుకుంది. ఏదైనా సరే, డాక్టర్‌ని అడక్కుండా ఒక్కసారిగా మానకండి.

తెల్లమబ్బు: నిన్న మాత్ర వేసుకున్నాను. పొద్దున నోరు ఎండిపోయింది కానీ, మధ్యలో లేవకుండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. 5 నిమిషాలు నడిచాను. ఆఫీసు సంగతి ఎవరూ చెప్పలేదు, సోమవారం మేనేజర్‌ని కలవాలి.

మూడోమెట్టు: జబ్బు పేరు కన్నా, కావలసింది అడగండి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేసే వీలు నేను రాసి అడిగాను, ఒప్పుకున్నారు.