ఎయిర్ బెడ్ వేసినా తోక ఎముక దగ్గర మచ్చ పడుతోంది – పడక పుండ్లు, ముక్కు గొట్టం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

డల్లాస్_నుంచి
నాన్నగారికి 76 ఏళ్లు, 58 కిలోలు. పక్షవాతం, ఎడమవైపు పట్టు లేదు. ముక్కు గొట్టంతోనే తిండి. షుగరుకు ఇన్సులిన్ నడుస్తోంది. ఇంట్లో అమ్మ, పగలొక అటెండెంటు, రాత్రొక అటెండెంటు. బబుల్ ఎయిర్ బెడ్ వేశాం. అయినా తోక ఎముక మీద రూపాయి బిళ్లంత మచ్చ కనబడుతోంది, చర్మం ఇంకా తెగలేదు. గాలి రింగు వేయమని ఒకరు, స్పిరిట్ పెట్టి రుద్దమని ఒకరు చెబుతున్నారు. ఏది మంచిది?

వార్డు_సిస్టర్
రెండూ వద్దండీ. రింగు వేస్తే దాని అంచు చుట్టూరా నొక్కుకుని, మధ్యలో ఉన్న చర్మానికి రక్తం అందదు. సరిగ్గా ఆ మధ్యలోనే మచ్చ ఉంటుంది. రుద్దితే లోపల అప్పటికే నలిగిన సన్న రక్తనాళాలు ఇంకా చితుకుతాయి. స్పిరిట్ చర్మాన్ని ఎండగట్టి పగిలేలా చేస్తుంది. పౌడరు కూడా ఆపేయండి, చెమటకు ఉండకట్టి ఇసుకలా ఒరుసుకుంటుంది.

ముందు ఒకటి చూడండి. మచ్చ మీద వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టు, బరువు తీసేస్తే పోతుంది. నొక్కినా రంగు మారకపోతే అది పుండు మొదటి దశే, చర్మం తెగకపోయినా సరే. మన ఒంటి రంగుకు ఎరుపు అంతగా తెలియదు, చామనఛాయ వాళ్లకు కాస్త నల్లగానో ఊదాగానో కనబడుతుంది. అందుకని చేతి వెనక భాగం ఆనించి చూడండి. చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తగా నీరు పట్టినట్టో ఉంటే అనుమానించాల్సిందే.

మచ్చ పోయేదాకా వెల్లకిలా పడుకోబెట్టడం మానండి. ఎడమ, కుడి, ఎడమ, కుడి అంతే. రెండు గంటలకొకసారి.

ఫిజియో_కరీంనగర్
పక్కకు తిప్పడం అంటే చాలా ఇళ్లలో పూర్తిగా ఒత్తిగిలబెట్టేస్తారు. అప్పుడు బరువంతా తుంటి ఎముక మీద పడి అక్కడ కొత్త పుండు లేస్తుంది. 30 డిగ్రీలు చాలు, అంటే సగం కంటే తక్కువ వాలు.

పద్ధతి చెబుతాను. భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఒక దుప్పటి నాలుగు మడతలు చేసి ఆయన కింద అడ్డంగా ఎప్పుడూ ఉంచండి. తిప్పాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ చెరో పక్క దాని అంచులు ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, లెక్కపెట్టి ఒకేసారి లేపండి. ఈడ్చకూడదు. ఈడిస్తే పైచర్మం పరుపుకు అంటుకుని ఆగిపోతుంది, ఎముక మాత్రం జరుగుతుంది, మధ్యలో కండ చీలుతుంది. పైకి ఏమీ కనబడదు, నాలుగు రోజులకు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. తర్వాత వీపు వెనక భుజం నుంచి నడుము దాకా పొడుగు దిండు పెట్టండి. మోకాళ్ల మధ్య ఇంకోటి. ఇప్పుడు మీ అరచేతిని తోక ఎముక కిందికి పోనివ్వండి. చెయ్యి సులువుగా దూరితే అక్కడ బరువు లేనట్టు. ఇరుక్కుంటే దిండు ఇంకాస్త లోపలికి తోయాలి.

ఎడమవైపు పట్టు లేదన్నారు కదా, ఆ చెయ్యి పట్టుకుని లాగి తిప్పొద్దని అటెండెంట్లిద్దరికీ గట్టిగా చెప్పండి. భుజం కీలు జారుతుంది. ఎడమవైపు పడుకోబెట్టినప్పుడు ఆ భుజాన్ని కాస్త ముందుకు తెచ్చి ఉంచాలి, శరీరం కింద నలగకూడదు. ఆ వైపు నొప్పి కూడా ఆయన చెప్పలేకపోవచ్చు. అందుకని చెవి, మోచెయ్యి, చీలమండ చూసుకుంటూ ఉండండి.

పాలకొల్లు_విజయ
బెడ్ సంగతి. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానేస్తున్నారు, మచ్చలు అక్కడే మొదలవుతున్నాయి. పైగా గాలి సరిపోతోందో లేదో చూసేవాళ్లు తక్కువ. ఆయన పైన పడుకుని ఉండగానే, ఎయిర్ బెడ్డుకు కింది పరుపుకు మధ్య అరచెయ్యి పైకి పెట్టి తోక ఎముక కిందికి తీసుకెళ్లండి. కనీసం ఒక అంగుళం గాలి మెత్తగా తగలాలి. ఎముక తగిలిందంటే బెడ్ ఉన్నా లేనట్టే. గాలి గదులు వంతులవారీగా నిండి ఖాళీ అవుతుంటాయి కాబట్టి 10 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. తగ్గితే పంపు మీటను ఆయన బరువుకు తగ్గట్టు పెంచండి. అయినా నిండకపోతే గొట్టం మడతపడిందేమో, లుంగీకి పెట్టిన పిన్నీసు గుచ్చుకుందేమో చూడండి.

బెడ్ మీద ఒక పలచటి నూలు దుప్పటి మాత్రమే. రబ్బరు షీటు, బొంత, మళ్లీ దుప్పటి అని మూడు పొరలు వేస్తే గాలి ఆట పైకి రాదు. ఫిజియో గారు చెప్పిన మడత దుప్పటి కూడా పలచటిదే తీసుకోండి, ముడతలు లేకుండా. తడి కోసం అయితే ఒక్క అండర్‌ప్యాడ్ చాలు.

ఎయిర్ బెడ్‌ను నేరుగా మంచం చెక్క మీద వేయొద్దు, కింద 4 అంగుళాల ఫోమ్ పరుపు ఉండాలి. కరెంటు పోతే గాలి దిగిపోతుంది కాబట్టి అప్పుడు ఆదుకునేది అదే. పంపు తాగే కరెంటు చాలా తక్కువ, ఇన్వర్టరు మీద హాయిగా నడుస్తుంది. ఏ ప్లగ్గు ఇన్వర్టరుకు కలిపారో ఒకసారి మెయిన్ ఆపి చూసుకోండి.

డల్లాస్_నుంచి
అరచెయ్యి పెట్టి చూడమన్నాను, ఎముక తగులుతోందట. మీట సగంలో ఉంది, పెంచించాను. రాత్రి కూడా రెండు గంటలకోసారి తప్పదా? ఇంకోటి, తిండి పెట్టేటప్పుడు తల ఎత్తులో ఉండాలంటారు, పుండుకేమో ఎత్తు మంచిది కాదంటారు. ఏం చేయాలి?

వార్డు_సిస్టర్
మచ్చ ఉన్నన్నాళ్లూ రాత్రి కూడా తప్పదు. పోయాక రాత్రిపూట మాత్రం మూడు గంటలకు పెంచి, తెల్లారి చర్మం చూడండి. శుభ్రంగా ఉంటే కొనసాగించొచ్చు, మచ్చ తిరిగొస్తే మళ్లీ రెండుకే. అటెండెంటు ఉన్నప్పుడు అమ్మగారిని లేపే అవసరం లేకుండా, తిప్పిన ప్రతిసారీ టైము, ఏ వైపు అనేది గోడకు తగిలించిన కాగితం మీద రాయించండి.

తల ఎత్తు గురించి మీరడిగింది అసలైన చిక్కు. గొట్టంలో పోసేటప్పుడు, పోశాక ఒక గంటపాటు 30 నుంచి 45 డిగ్రీలు ఉండాల్సిందే. లేకపోతే ఆహారం పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ ఎత్తులో మనిషి కిందికి జారుతాడు, ఆ జారుడుకే తోక ఎముక దగ్గర ఒరుసుకుంటుంది. అందుకని వరుస మార్చండి. ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి కాళ్లు మడవండి, ఆ తర్వాతే తల లేపండి. దించేటప్పుడు ముందు తల, తర్వాత కాళ్లు. గంట కాగానే 30కి లోపు దించి పక్కకు తిప్పండి. పోసేముందే డైపర్ మార్చేయాలి, పోశాక తల దించి కదపకూడదు.

పోసే ముందు ప్రతిసారీ ముక్కు దగ్గర గొట్టం మీద గుర్తు ఏ అంకె దగ్గరుందో చూడాలి. గొట్టం వేసిన రోజు ఉన్న అంకె కాగితం మీద ఉండాలి. తర్వాత సిరంజితో కొంచెం వెనక్కి లాగి కడుపులోని రసం వస్తోందా అని, పీహెచ్ కాగితం (ఆమ్లం ఎంతుందో రంగు మారి చూపే కాగితం) మీద 5.5 లేదా అంతకంటే తక్కువ చూపిస్తోందా అని చూడటం మంచిది. గ్యాస్ మందు వాడేవారికి ఎక్కువ చూపించొచ్చు, అప్పుడు పోయకుండా నర్సును అడగండి. గాలి కొట్టి స్టెతస్కోపుతో బుడబుడ వినడం నమ్మదగ్గది కాదు, ఊపిరితిత్తుల్లో ఉన్నా అలాగే వినబడొచ్చు. పోస్తుండగా దగ్గు, ఆయాసం, పెదాలు నీలంగా మారడం కనబడితే వెంటనే ఆపి 108కి ఫోన్ చేయాలి. గొట్టం ఊడితే ఇంట్లో తిరిగి తోయొద్దు.

50 మి.లీ. సిరంజి పిస్టన్ తీసేసి, దానంతట అదే దిగేలా 200 నుంచి 250 మి.లీ. పోయడానికి 15, 20 నిమిషాలు పట్టాలి. ముందూ వెనకా 30 మి.లీ. నీళ్లు.

మందులషాపు_తెనాలి
గొట్టాలు మూసుకుపోయేది ఎక్కువగా మాత్రల వల్లే. పేరు పక్కన ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్, సీఆర్, ఎక్స్ఎల్ అని ఉంటే పొడి చేయకూడదు. రోజంతా కొంచెం కొంచెంగా దిగాల్సిన మందు ఒక్కసారిగా దిగుతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ ఇందులో అందరికీ తగిలేది. పాంటొప్రజోల్ మాత్ర పైపూత కడుపులోని ఆమ్లం నుంచి మందును కాపాడటానికి ఉంటుంది, నూరితే పని చేయదు. డాక్టరుని అడిగి సిరప్‌గానో, మామూలు మాత్రగానో మార్పించుకోండి. ఫిట్స్‌కు ఫెనిటోయిన్ వాడుతుంటే ఆహారంతో కలిస్తే ఒంటికి సరిగ్గా పట్టదు, ముందూ తర్వాతా ఎంత వ్యవధి ఉండాలో డాక్టరే చెప్పాలి. ఈసబ్‌గోల్ గొట్టంలో అసలు వేయొద్దు, ఉబ్బి సిమెంటులా పట్టేస్తుంది.

ప్రతి మాత్రా విడిగా మెత్తగా నూరి, 15 మి.లీ. నీళ్లలో కలిపి పోసి, మధ్యలో కొద్దిగా నీళ్లు. మూసుకుపోతే గోరువెచ్చటి నీళ్లతో 50 మి.లీ. సిరంజి మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించండి. చిన్న సిరంజికి ఒత్తిడి ఎక్కువ, గొట్టం చిట్లుతుంది. తీగలు దూర్చొద్దు.

డైట్_నల్గొండ
పుండు మానాలన్నా, రాకుండా ఉండాలన్నా మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల లెక్కన 58 కిలోలకు రోజుకు 70 నుంచి 87 గ్రాములు. ఇళ్లలో చూస్తే పొద్దుటి నుంచి రాత్రి దాకా రాగిజావే. 25 గ్రాముల రాగిపిండి జావలో ఉండేది 2 గ్రాములు కూడా కాదు. ఆరుసార్లు పోసినా 11 దాటదు.

రోజు మొత్తానికి ఇలా వేసుకోండి: పాలు 600 మి.లీ., బాగా ఉడికించిన గుడ్లు రెండు, మరో రెండు గుడ్ల తెల్లసొన, పెసరపప్పు 60 గ్రాములు, వెన్న తీసిన పాలపొడి 30 గ్రాములు, రాగి లేదా బియ్యం 100 గ్రాములు. దాదాపు 70కి చేరుతుంది. మిక్సీలో మెత్తగా వేసి, టీ వడపోతతో కాకుండా పలచటి తెల్లబట్టతో వడకట్టండి, పెసరపొట్టు టీ వడపోత దాటిపోతుంది. పచ్చిగుడ్డు వద్దు. వేసవిలో కలిపింది గంటకు మించి బయట ఉంచొద్దు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువున్నవాళ్లు ఈ లెక్క డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టాలి.

ఇన్సులిన్ ఉంది కాబట్టి ఇది మరీ ముఖ్యం. గొట్టం మూసుకుపోయి గానీ, ఊడి గానీ తిండి ఆగితే, ఇన్సులిన్ ఇచ్చే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఇచ్చాక ఊడితే గంటగంటకూ షుగర్ చూడాలి. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషి షుగర్ పడిపోయినా చెప్పలేకపోవచ్చు. చల్లటి చెమట, పిలిస్తే పలకకపోవడమే గుర్తు. 70 కంటే తగ్గితే ఆలస్యం చేయొద్దు. గొట్టం లేనప్పుడు నోట్లో పంచదార నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108 పిలవండి.

డల్లాస్_నుంచి
రోజూ వీడియో కాల్‌లో ముఖమే చూపిస్తున్నారు. నేను ఏం అడగాలి?

వార్డు_సిస్టర్
మూడు ఫొటోలు అడగండి: పక్కన స్కేలు పెట్టి మచ్చ, ముక్కు దగ్గర గొట్టం అంకె, గోడ మీది కాగితం. రోజూ ఒకే టైముకు, స్నానం చేయించేటప్పుడు. నోరు రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో తుడిచారా అనీ అడగండి. నోటితో తినకపోయినా అక్కడ పెరిగే క్రిములే ఉమ్మితో ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. డైపర్ రెండు మూడు గంటలకోసారి చూసి, తడి తుడిచి ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీము పలచగా రాయించండి.

చర్మం తెగితే సెలైన్‌తో కడిగి, డ్రెస్సింగ్ ఏది అన్నది నర్సు చేత చూపించుకోండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, డెట్టాల్ పోయొద్దు. వాసన, చీము, జ్వరం, మచ్చ నల్లబడటం, వీటిలో ఏది ఉన్నా అదేరోజు ఆసుపత్రికి.

ఫిజియో_కరీంనగర్
మడమలు ఎవరూ చెప్పలేదు. పిక్కల కింద పొడుగ్గా దిండు పెట్టి, మడమలు గాలిలో తేలాలి. మడమకూ పరుపుకూ మధ్య కాగితం అడ్డం లేకుండా జారాలి. దిండు మోకాలి వెనక మాత్రమే పెడితే అక్కడ నరం, రక్తనాళం నొక్కుకుంటాయి. షుగరున్న కాళ్లు కాబట్టి రోజూ సాక్సు తీసి చూడండి. మడమ మీద నల్లటి ఎండిన పెచ్చు కట్టి ఉంటే గిల్లి తీయొద్దు, తడపొద్దు, అలాగే పొడిగా ఉంచి సర్జన్‌కు చూపించండి.