సమస్య: తలుపు మూసిన యన్నయే తండ్రి యయ్యె

నిర్వాహకుని మాట

కవిమిత్రులందరికీ నమస్కారం. ఈ వారం పూరణకు ఇస్తున్న తేటగీతి పాదం ఇది:

*తలుపు మూసిన యన్నయే తండ్రి యయ్యె*

ఈ సమస్యకు ప్రేరణ 1994 నుండి 2000 వరకు అమెరికాలో ఫాక్స్ చానెల్‌లో ప్రసారమైన ‘పార్టీ ఆఫ్ ఫైవ్’ అనే కుటుంబ ధారావాహిక. శాన్ ఫ్రాన్సిస్కో నగరంలోని శాలింజర్ దంపతులను, తప్పతాగి కారు నడిపిన ఒకడు ఢీకొట్టి చంపుతాడు. ఐదుగురు పిల్లలు మిగులుతారు. ఇరవై నాలుగేళ్ల పెద్దవాడు చార్లీ, యౌవనంలో అడుగుపెడుతున్న బెయిలీ, జూలియా, వయొలిన్ వాయించే చిన్నారి క్లాడియా, ఇంకా మాటలు రాని పసివాడు ఓవెన్. తండ్రి నడిపిన భోజనశాలలో వారానికొకసారి ఐదుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని భోంచేయడం ఆ ఇంటి కట్టుబాటు.

నేను తీసుకున్నది 1996–97 నాటి మూడవ సీజన్‌లోని ఒక భాగం. ఏ మద్యం తమ తల్లిదండ్రులను బలిగొన్నదో ఆ మద్యానికే బెయిలీ బానిస అవుతాడు. అన్న, చెల్లెళ్లు, ఆత్మీయులు అతనిని ఇంట్లో కూర్చోబెట్టి, అతను చేస్తున్నదేమిటో ఒక్కొక్కరుగా ముఖాన చెబుతారు. అతను ఎదురుతిరిగి ప్రతి ఒక్కరినీ వారి వారి గాయం మీదనే పొడుస్తాడు. చనిపోయిన తండ్రి కూడా ఒకప్పుడు తాగుడు వ్యసనంతో బాధపడ్డవాడేనన్న రహస్యం ఆ మాటల మధ్యనే బయటపడుతుంది. అయినా బెయిలీ లొంగడు, వెళ్లిపోతాడు. సమస్యలోని తలుపు నా కల్పన. దానిని ఎవరు, ఎవరి మీద, ఎందుకు మూశారన్నది పూరించేవారి స్వేచ్ఛకే వదిలాను.

కొత్తగా చేరినవారి కోసం ఒక మాట. గణమంటే గురులఘువుల (దీర్ఘ, హ్రస్వ అక్షరాల) నిర్ణీతమైన కూర్పు; సూర్య, ఇంద్ర అన్నవి అందులో రకాలు. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు వరుసగా రావాలి. నాలుగవ గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. పాదాల రెండవ అక్షరం ఒకటే కావాలన్న ప్రాసనియమం లేదు.

మొదటి పూరణ (ఫ్రీమాంట్ సోదరి)

*మధువు మరగిన తమ్మునిన్ మందలించి,*
*వినని నాఁ డింటి వాకిలి వెడలఁ జెప్పి,*
*రేయి యంతయు నిదురించ లేక వేచి,*
*తలుపు మూసిన యన్నయే తండ్రి యయ్యె.*

నిర్వాహకుడు: అమ్మా, ఈ కథ జరిగే నగరానికి అఖాతం ఆవలి ఒడ్డున ఉంటున్నారు కాబట్టి మొదటి పూరణ మీనుండి రావడం సంతోషం. గణాలు, యతులు నిర్దోషంగా ఉన్నాయి. మూడవ పాదంలో రేకారానికి లేకారం చక్కగా యతి కుదిరింది. అన్వయంలో మాత్రం ఒక చిక్కు ఉన్నది. ‘మందలించి, చెప్పి, వేచి, మూసిన’ అని క్త్వార్థకాలు (‘చేసి’ వంటి అసమాపక క్రియలు) వరుసగా నడిచినప్పుడు పనులు కూడా అదే వరుసలో జరిగినట్లు చదువరి గ్రహిస్తాడు. అప్పుడు అన్న రాత్రంతా వేచి చూసి, తెల్లవారిన తరువాత తలుపు మూసినట్లవుతుంది. మీ ఉద్దేశం అది కాదు. మూసిన తరువాత కలిగిన నిద్రలేమే కదా అతనిని తండ్రిని చేసింది! మూడవ పాదాన్ని ‘రేయి యంతయు నిదురించ లేనియట్టి’ అని మారిస్తే అది అన్నకు విశేషణమై, కాలక్రమంతో పేచీ ఉండదు. పద్యంలో ప్రాణమంతా ఆ పాదంలోనే ఉన్నది గనుక అక్కడ సందేహానికి తావుండకూడదు.

రెండవ పూరణ (తెనాలి పెద్దలు)

*గోవులను గాచి, నియమముఁ గూల్చితినని*
*వనికి వెడలెడి పార్థుని వలదటంచు,*
*నన్న యింటను దోసమే యనుచుఁ బలికి,*
*తలుపు మూసిన యన్నయే తండ్రి యయ్యె.*

నిర్వాహకుడు: ఆర్యా, ధార మీది. ఆదిపర్వంలోని ఘట్టాన్ని ఈ పాదానికి ముడివేయడం మీవంటి భారతాధ్యయనపరులకే తోస్తుంది. విప్రుని గోవులను దొంగల నుండి విడిపించేందుకు ఆయుధాల కోసం అర్జునుడు లోపలికి వెళ్లాడు. ద్రౌపదితో ధర్మరాజు ఉన్న సమయమది. ద్రౌపదితో ఒకరుండగా మరొకరు లోపలికి రాకూడదన్న నియమం తప్పినందుకు వనవాసానికి సిద్ధపడిన తమ్మునితో, అన్న ఉన్నచోటికి తమ్ముడు రావడం దోషం కాదని ధర్మరాజు చెప్పిన మాట మూలంలోనే ఉన్నది. ధర్మాన్ని సాకులతో ఆచరించరాదని అర్జునుడు ఆ క్షమను తిరస్కరించిన మాట కూడా ఉన్నది.

నా అభ్యంతరం ఛందస్సు మీద కాదు. మీ పూరణలో తలుపు మూయడానికీ, తండ్రి కావడానికీ సంబంధం కుదరలేదు. ఏకాంతం కోసం మూసిన తలుపు ఒకటి, తరువాత చూపిన వాత్సల్యం వేరొకటి. రెండూ ఒకే మనిషివి కావడం వల్ల పద్యం నిలబడింది గాని, సమస్యలోని విరోధం తీరలేదు, ప్రక్కకు తప్పుకున్నది. మూయడమే తండ్రితనం ఎలా అయిందో చెప్పిన పూరణను నేను ఎక్కువగా గౌరవిస్తాను.

తెనాలి పెద్దలు: అయ్యా, అవధానసభలో పృచ్ఛకుడు (సమస్య ఇచ్చేవాడు) తన మనసులోని కథను ముందే చెప్పడు. పాదం విన్నవాడు తనకు తోచిన ప్రపంచంలో దానిని ఇముడ్చుకుంటాడు. విదేశీ ధారావాహిక చూడనివారు సమస్యను పూరించకూడదా?

నిర్వాహకుడు: తప్పక పూరించవచ్చును, మీ పద్యం ఈ పుటలో సగౌరవంగా ఉంటుంది. అయితే మీ పూరణ వల్లనే నాకు ఒక తేడా స్పష్టపడింది. భారతంలో అన్న క్షమిస్తాడు, తమ్ముడు నియమం కోసం వెళ్లిపోతాడు. శాన్ ఫ్రాన్సిస్కో ఇంట్లో అన్న నియమం పెడతాడు, తమ్ముడు దానిని తోసిపుచ్చి వెళ్లిపోతాడు. జ్యేష్ఠుడు తండ్రివలె తమ్ములను పాలించాలని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం అంటుంది. పాలించడంలో క్షమ ఎంత, కట్టడి ఎంత అన్నదే ఈ సమస్యలోని కీలకమని నేను భావిస్తున్నాను. ఇకపై వచ్చే పూరణలు ఆ వైపు నడవాలని కోరిక.

మూడవ పూరణ (విశాఖ వైద్యమిత్రులు)

*ఒక్క రొక్కరు లేఖల నోర్మిఁ జదివి,*
*వైద్యశాలకుఁ బొమ్మని బ్రతిమలాడి,*
*కాదు పొమ్మన్నఁ బైకము కట్టిపెట్టి,*
*తలుపు మూసిన యన్నయే తండ్రి యయ్యె.*

వివరణ: ఆ భాగంలో కుటుంబం అనుసరించిన పద్ధతి కల్పితం కాదు. వెర్నన్ జాన్సన్ అనే ఎపిస్కోపల్ క్రైస్తవ మతాచార్యుడు 1960 దశకంలో మిన్నెసోటా రాష్ట్రంలో దీనికి రూపం ఇచ్చాడు. వ్యసనపరుడు సర్వనాశనమై తనంతట తాను మేల్కొనేదాకా ఆగనవసరం లేదని, అతని వల్ల ఏమేమి జరిగిందో ఆత్మీయులు ముందే వ్రాసి పెట్టుకుని, నిందించకుండా చదివి వినిపించాలని, చికిత్సకు చోటు సిద్ధం చేసుకుని మరీ అడగాలని, ఒప్పుకోకపోతే ఇకపై తాము ఏ సాయం చేయబోమో చెప్పాలని ఆయన బోధించాడు. అందుకే లేఖలను, వైద్యశాలను పద్యంలోకి తెచ్చాను.

నిర్వాహకుడు: డాక్టరుగారూ, ఈ వివరణ పూరణకు ఎంతో బలం. తలుపు మూయడం ఇక్కడ కోపంతో చేసిన పని కాదు, అడగవలసినదంతా అడిగిన తరువాత చివరగా మిగిలిన పని. విరోధం నిజంగా తీరింది. కాని మళ్లీ క్త్వార్థమే దారికి అడ్డుపడింది. ‘ఒక్కరొక్కరు చదివి’ అన్నప్పుడు కర్తలు అందరూ, ‘మూసిన’ అన్నప్పుడు కర్త అన్న ఒక్కడే. సమానకర్తృకత్వం (రెండు క్రియలకూ కర్త ఒకరే కావడం) చెడింది. ‘నోర్మిఁ జదువ’ అని రెండక్షరాలు మారిస్తే అందరూ చదువుతుండగా అన్న బతిమాలినట్లు అన్వయం సరిపోతుంది. రెండవ పాదంలో వైకారానికి బ్రకారం యతి చెల్లుతుంది, సందేహం వద్దు.

ఒక ప్రశ్న మిగిలింది. ఆ భాగంలో ఈ పద్ధతి విఫలమైంది కదా. దానిని మీరు ఎలా చూస్తారు?

విశాఖ వైద్యమిత్రులు: ఆ గదిలో విఫలమైంది. ఆ తరువాత బెయిలీ తాగి కారు నడిపి, ప్రక్కన ఉన్న స్నేహితురాలు సారాను ప్రమాదంపాలు చేస్తాడు. తన తల్లిదండ్రులను చంపినవాని స్థానంలో తాను కూర్చున్నానని అప్పుడు తెలిసి మద్యం మానుకుంటాడు. ఆ రోజు ఇంట్లోవారు చెప్పిన మాటలు లేకుంటే ఆ తెలివిడికి అర్థం చిక్కేది కాదని నా నమ్మకం. మా వృత్తిలో మేము చూసేది కూడా ఇదే. మొదటిసారి చెప్పిన మాట చాలాసార్లు ఫలించదు, కానీ అది చెప్పి ఉండాలి. అన్నట్టు, కుటుంబాన్ని కఠినంగా నిలబెట్టే పద్ధతి ఒక్కటే దారి అని ఇప్పుడు ఎవరూ అనడం లేదు. మానుకున్న ప్రతి రోజునూ మెచ్చుకుంటూ మెల్లగా చికిత్సవైపు నడిపించే శిక్షణను కూడా కుటుంబాలకు ఇస్తున్నారు.

నాల్గవ పూరణ (హనుమకొండ కవయిత్రి)

*తండ్రియును మత్తు మరగిన దాని వినియు*
*మనసు మార్చక, నాతోడ మాటలేక,*
*వీథి చీఁకటిలోనికి వెడలునపుడు*
*తలుపు మూసిన యన్నయే తండ్రి యయ్యె.*

నిర్వాహకుడు: ఈ పద్యాన్ని ఒక్కసారి చదివి ముందుకు పోలేకపోయాను. అందరూ పెద్దన్న చార్లీ వైపు చూస్తుండగా, ఈ కవయిత్రి చిన్న చెల్లెలు క్లాడియా కన్నులతో చూశారు. ఆమెకు బెయిలీ కూడా అన్నే. తలుపు మూసింది ఇంట్లో మిగిలినవాడు కాదు, బయటికి వెళ్లిపోయినవాడు. అతను తండ్రి అయ్యాడంటే కాపాడేవాడయ్యాడని కాదు, తండ్రి బ్రతుకులోని చీకటికి వారసుడయ్యాడని. సమస్య ఇచ్చినప్పుడు ‘తండ్రి’ శబ్దాన్ని నేను గౌరవార్థంలోనే తలచాను. ఆ భాగంలో బయటపడిన రహస్యాన్ని ఆసరా చేసుకుని ఆ శబ్దాన్నే భయపెట్టేదిగా మార్చడం గొప్ప ప్రతిభ. మరణించిన తండ్రిని దేవునిగా తలచుకుని బ్రతుకుతున్న పిల్లలకు, ఆయన కూడా తప్పటడుగులు వేసిన మనిషేనని తెలియడం రెండవసారి అనాథలు కావడం వంటిది. ఆ దుఃఖం ‘నాతోడ మాటలేక’ అన్న చిన్న ముక్కలో నిండిపోయింది.

దోషమని కాదు గాని, ‘మరగిన దాని వినియు’ అన్నచోట వాక్యం కొంత బిగుసుకున్నది. ‘మరగిన సంగతి’ అనవలసిన చోట యతి కోసం ‘దాని’ వచ్చిందని తెలిసిపోతున్నది. ఇంత మంచి పద్యంలో అది ఒక్కటే నలుసు. వీలైతే సవరించండి.

హనుమకొండ కవయిత్రి: ధన్యవాదాలు. తండ్రి సంగతి మొదటి పాదంలోనే రావాలని పట్టుబట్టడం వల్ల ఆ ఇబ్బంది వచ్చింది. ముందుగా చెప్పకపోతే నాల్గవ పాదంలో ‘తండ్రి’ అన్న మాట కొత్త అర్థంతో తగలదు. అందుకని ఆ పాదాన్ని అలాగే ఉంచుతున్నాను.

నిర్వాహకుడు: మీ కారణం సబబుగా ఉన్నది. ఉంచండి.

అయిదవ పూరణ (నల్లగొండ యువకవి)

*కారు ఢీకొన్న రాతిరి కన్నవారు*
*మరలి రాకున్న, నలువురి బ్రతుకు కొఱకు*
*తన సుఖమ్ముల కెల్లను దానె ముందు*
*తలుపు మూసిన యన్నయే తండ్రి యయ్యె.*

నిర్వాహకుడు: నాయనా, భావం ఎంతో ఉదాత్తంగా ఉన్నది. ఇంతవరకు వచ్చిన పూరణలన్నీ తలుపును తమ్ముని మీదనో, చెల్లెలి ముందో మూశాయి. నీవు అన్న చేత అతని సొంత యౌవనం మీద మూయించావు. మొదట్లో చార్లీ బాధ్యత తెలియనివాడు, కుటుంబం సొమ్మును ఒక వ్యాపారంలో పెట్టి పోగొట్టినవాడు. అటువంటివాడు మారడానికి ఏమి వదులుకోవలసి వచ్చిందో నీ మూడవ పాదం చెప్పింది. 2020లో ఇదే ధారావాహికను కొత్తగా తీసినప్పుడు తల్లిదండ్రులను మరణింపజేయక, మెక్సికోకు దేశబహిష్కృతులను చేశారు. అక్కడ కూడా సంగీతం నమ్ముకున్న పెద్దకొడుకు ఇల్లు చేరవలసి వచ్చింది. నీ పద్యం ఆ కథకు కూడా వర్తిస్తుంది, కన్నవారు ‘మరలి రాకున్న’ అన్నావే గాని మరణించారనలేదు.

ఇక సవరణలు. రెండవ పాదంలో మకారానికి బ్రకారం యతి కుదరదు. బకారానికి ప, ఫ, భ, వలు మైత్రి వర్ణాలు, ‘మ’ ఆ గుంపులో ఈ స్వరంతో చేరదు. మూడవ పాదం చివర ‘ముందు’, నాల్గవ పాదం మొదట ‘తలుపు’ కలిసి ‘ముందుతలుపు’ అని వినిపిస్తున్నవి, ఇంటి ముంగిటి తలుపేమోనని చదువరి ఒక క్షణం తడబడతాడు. రెండింటినీ నీవే సరిచేసి పంపు. నేను చెప్పడం కంటె నీవు వెతుక్కుంటే మేలు.

నల్లగొండ యువకవి: గురువుగారూ, సవరించిన పద్యం:

*కారు ఢీకొన్న రాతిరి కన్నవారు*
*మరలి రాకున్న, నలువురి మనుగడకయి*
*తన సుఖమ్ముల కెల్లను దానె మునుపు*
*తలుపు మూసిన యన్నయే తండ్రి యయ్యె.*

నిర్వాహకుడు: ఇప్పుడు యతి కుదిరింది, అర్థం తేటపడింది. ‘మనుగడ’ అన్న మాట ‘బ్రతుకు’ కంటె ఇక్కడ బాగా నప్పింది కూడా, పసివాడు ఓవెన్ వరకు నలుగురినీ నిలబెట్టే భారం అందులో ఉన్నది. స్వీకరించాను. తెనాలి పెద్దలు కోరినట్లు, వచ్చే వారం సమస్యను ఏ కథా చెప్పకుండా పాదం ఒక్కటే ఇస్తాను.