పండు పెట్టిన ఈస్ట్ బన్నుల అడుగు పచ్చిగా ఉండిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: ప్లమ్, పీచ్ ముక్కలు పెట్టి బన్నులు చేస్తున్నాను. అంచులు ఎర్రగా కాలుతున్నాయి, పండు కింద మాత్రం పిండి జిగటగా ఉంటోంది. రసం ట్రే మీదకు కారి మాడుతోంది. 500 గ్రాముల మైదా, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 250 మి.లీ. పాలు, ఒక గుడ్డు, చక్కెర 70, వెన్న 80 గ్రాములు. ముక్కలు ముందే చక్కెరలో కలిపి ఉంచుతున్నాను. ఓవెన్ 210 డిగ్రీలు.

జవాబు: కొలతలు బాగానే ఉన్నాయి, చిక్కంతా ఆ చక్కెరతోనే. చక్కెర తగలగానే పండులోని నీరు బయటికొస్తుంది, అదే పిండిలోకి ఇంకుతోంది. ఓవెన్‌లో పెట్టే ముందు మాత్రమే చల్లండి. ముందే ఊరబెట్టి ఉంటే వడకట్టండి. ఆ రసం పారబోయకండి, సన్నమంట మీద చిక్కబరిచి కాలిన బన్నుల మీద పూస్తే చక్కగా మెరుస్తాయి.

రెండోసారి పొంగాకే గ్లాసు అడుగుతో గుంట నొక్కండి. ముందే నొక్కితే మధ్య భాగం మళ్లీ లేచి పండును పక్కకు తోసేస్తుంది. గుంటలో ఫోర్కుతో నాలుగైదు గాట్లు పెట్టి, ఒక చెంచా బొంబాయి రవ్వ గానీ బ్రెడ్ పొడి గానీ చల్లండి, కారిన రసం అది పీల్చుకుంటుంది. ప్లమ్ సగాలను కోసిన వైపు పైకి పెడితే రసం దొప్పలోనే నిలుస్తుంది.

210 ఎక్కువ. 185 డిగ్రీల్లో, కింది అరలో, 20 నుంచి 22 నిమిషాలు. పైరంగు చూసి తీయకండి, ఒక బన్ను ఎత్తి అడుగు చూడండి.

మరో జవాబు: ఫ్రోజెన్ చెర్రీలైతే కరగనివ్వకండి. 300 గ్రాములకు ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్ పట్టించి గట్టిగా ఉండగానే పెట్టేయండి, రెండు మూడు నిమిషాలు ఎక్కువ కాలుతుంది.

ప్రశ్న: ఈ ఎండలకు పిండి గంటలోపే పొంగి పుల్లటి వాసన వస్తోంది. వెన్న కూడా కరిగి చేతికి అంటుతోంది.

జవాబు: ఈస్ట్ 4 గ్రాములకు తగ్గించి, ఫ్రిజ్‌లోంచి తీసిన పాలే పోయండి. ఇన్‌స్టంట్ ఈస్ట్‌కు గోరువెచ్చని పాలు అక్కర్లేదు. గడియారం కాదు, పరిమాణం చూడండి: రెట్టింపైతే చాలు. ఇంకా మేలు, కలిపిన పిండిని మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచడం. వెన్న గట్టిపడి ఉంటుంది కాబట్టి పొద్దున ఉండలు చేయడం తేలిక.