పోరాటాలు లేని, కథాప్రధానమైన పిక్సెల్ ఆర్ట్ గేమ్ ఏది?

పిక్సెల్ ఆర్ట్ (చిన్న చిన్న చతురస్రపు చుక్కలతో గీసిన బొమ్మలు) ఉన్న గేముల్లో 2011 నాటి ‘టు ద మూన్’, దాని తరువాత 2017లో వచ్చిన ‘ఫైండింగ్ ప్యారడైజ్’ పూర్తి చేశాను. మరణశయ్యపై ఉన్న వృద్ధుడి జ్ఞాపకాల్లో ఇద్దరు డాక్టర్లు వెనక్కి వెనక్కి వెళ్తూ, చంద్రుడి మీదికి వెళ్లాలన్న అతని కోరికకు మూలం వెతికే ‘టు ద మూన్’ కథ నన్నింకా వదలలేదు.

అటువంటిదే మరొకటి కావాలని ‘అండర్‌టేల్’ మొదలుపెట్టాను గానీ, అందులో ఎవరినీ చంపకుండా ముందుకు సాగినా వారి దాడులను మాత్రం తప్పించుకోక తప్పదు. ‘సెలెస్ట్’ కథ బాగున్నా, అందులో అడ్డంకులు దాటడానికి వేయాల్సిన గెంతులు నా వేళ్లకు సాధ్యం కాలేదు. గేములు అమ్మే సైట్లలో ట్యాగులతో (రకాన్ని తెలిపే పదాలతో) వెతికితే ఎక్కువగా యుద్ధాల ఆటలే కనిపిస్తున్నాయి.

నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 10, 4 జీబీ ర్యామ్ ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, కీబోర్డుతోనే ఆడతాను. పోరాటాలు లేకుండా, పది గంటల్లోపు ముగిసే ఇటువంటి గేమ్ ఏది ఆడమంటారు?