అప్‌డేట్: ప్లాటు అగ్రిమెంట్‌లో ‘నల్ అండ్ వాయిడ్’

గడువులోగా మిగతా డబ్బు కట్టకపోతే ఒప్పందం ‘నల్ అండ్ వాయిడ్’ అని అగ్రిమెంట్‌లో రాశారు, మా బయానా మునిగినట్టేనా అని మొన్న అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

హనుమకొండ అదాలత్ దగ్గర ఒక వకీల్ సాబ్‌ను కలిశాం. వాయిడ్ అంటే చట్టం ముందు చెల్లనిది. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 2(జి)లోనే ఉందట. మైనర్‌తో చేసుకున్న ఒప్పందం మొదట్నుంచే వాయిడ్ అని 1903లో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు లండన్‌లో ఉన్న పై కోర్టు) తేల్చేసింది. బెదిరించో మోసం చేసో సంతకం పెట్టించుకుంటే అది వాయిడబుల్. అంటే మోసపోయినవాళ్లు వద్దనేదాకా నడుస్తుంది. ముందు ‘నల్’ ఎందుకంటే, జంట మాటలు వకీళ్ల అలవాటు, అంతే.

ఒప్పందం వాయిడ్ అయితే తీసుకున్నది తిరిగివ్వాలని సెక్షన్ 65 చెబుతుంది. అయితే మా కాగితంలో కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైనుంది: ‘బయానా జప్తు’. అసలు మెలిక అక్కడ! అమ్మేవాళ్లతో మాట్లాడి ఆ లైను కొట్టేయించాం, పక్కన ఇద్దరం సంతకాలు పెట్టాం.

సీ అనే కంప్యూటర్ భాషలోని వాయిడ్ గురించి ఒకరు అడిగారు. ఇంజినీరింగ్ చదివే మావాడిని అడిగితే, వాయిడ్ అని రాస్తే ఆ ఫంక్షన్ (ప్రోగ్రామ్‌లో ఒక పని చేసే భాగం) పని చేస్తుంది కానీ ఏ విలువా తిరిగివ్వదు అన్నాడు. అమ్మేవాళ్లు అలా కాకుండా ఉంటే చాలు. గడువు మాత్రం దసరా దాకా పెంచారు.